పోస్టరు మీద అక్కయ్య

ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే షాపులో నిలబడి పనిచేసిన మనిషి ఆవిడ. నిలబడి అన్నది మాటవరసకు కాదు. ఆ మూడంతస్తుల ఇంటి సామాన్ల షాపులో అమ్మేవాళ్ళు కూర్చోకూడదు. ఫ్రిజ్జులు, వాషింగ్ మిషన్లు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెల మధ్య పొద్దున తొమ్మిదిన్నరకు నిలబడితే, మళ్ళీ సాయంత్రం బస్సులో సీటు దొరికినప్పుడే కూర్చోవడం. యాభై దాటేసరికి పిక్కల మీద నరాలు ఉబ్బి, నీలంగా మెలితిరిగి కనబడేవి. ఆవిడ భర్త రేకుల కార్ఖానాలో ప్రెస్సు దగ్గర పనిచేసి ఆ మోతకు చెవులు పోగొట్టుకున్నాడు. "నాకు చెవుల్లేవు, నీకు కాళ్ళు లేవు. ఇద్దరం కలిసినా ఒక మనిషి కింద లెక్కకు రాం" అని నాలుగిళ్ళ అవతలికి వినబడేలా అని, తనే నవ్వేవాడు.

నేను ఆ వీధిలోనే బట్టలు కుడతాను. ఈ కథలో కొంత నేను చూసింది. మిగతాది ఆవిడ మా ఇంట్లో స్టూలు మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని చెప్పింది.

షాపుకు వచ్చేవాళ్ళు ఆమెను గ్యారంటీ అక్కయ్య అనేవారు. కంపెనీ ఇచ్చిన గ్యారంటీ కార్డు ఏ అటకమీదో పారేసుకునేవాళ్ళు కూడా ఆవిడ చెప్పిన మాట మాత్రం గుర్తుపెట్టుకునేవారు. ఏ కొత్త సరుకు వచ్చినా వెనక గదిలో అందరూ మామయ్యా అని పిలిచే మెకానిక్ చేత మూత విప్పించి, లోపల ఏముందో కళ్ళతో చూస్తేగానీ ఆవిడ అమ్మేది కాదు. "ఇది మీ ఇంటికి వద్దండీ. మీ వైపు నీళ్ళు ఉప్పు. ఆరు నెలల్లో హీటరు పోతుంది" అని చేతికొచ్చిన బేరం వదిలేసిన రోజులున్నాయి. షాపు ఓనరు పెద్దాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని అది విని పళ్ళు నూరేవాడు గానీ ఒక్క మాట అనేవాడు కాదు. అలా వెళ్ళిన మనిషి వారం తిరక్కుండా ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వస్తాడని ఆయనకు తెలుసు.

పెద్దాయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయాక షాపు ఆయన అల్లుడి చేతికి వచ్చింది. అల్లుడుగారు చెడ్డవాడు కాదు. ఊడ్చే మనిషిని కూడా మీరు అనే పిలిచేవాడు. వచ్చిన నెలలోనే అమ్మేవాళ్ళ కోసం అంతస్తుకు రెండు కుర్చీలు వేయించాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆవిడ షాపులో కూర్చుంది. "కుర్చీలో కూర్చోగానే ఏడుపొచ్చింది. ఎవరైనా చూస్తారేమోనని లేచి ఫ్రిజ్జు తుడిచాను" అని నాతో అంది. అందుకే ఆయన ఏం చెప్పినా ఆవిడ మొదట్లో అనుమానించలేదు.

ఒకరోజు షాపు తెరవగానే ఆయన అందరినీ కింద పోగేశాడు.

"ఈ ఏడు మనం కూడా బ్లాక్ ఫ్రైడే చేస్తున్నాం" అన్నాడు.

"అంటే ఏంటండీ?" అని అడిగింది ఆవిడ.

"వేరే దేశంలో వాళ్ళకి ఒక పండగ ఉంది. దాని మర్నాడు శుక్రవారం. ఆ రోజు అక్కడ షాపులన్నీ ధరలు దించేస్తాయి. జనం తలుపులు తీయకముందే లైన్లు కడతారు."

"వాళ్ళ పండగ మనకెందుకు బాబూ?" అన్నాడు మెకానిక్ మామయ్య.

"పండగ వాళ్ళదే మామయ్యా. మర్నాడు మాత్రం అందరిదీ."

అందరూ నవ్వారు. నల్ల శుక్రవారం అంటే ఆ రోజు బొగ్గులు అమ్మాలేమో అనుకున్నానని మామయ్య అంటే ఇంకా నవ్వారు. అల్లుడుగారు కూడా నవ్వి, ఆవిడ వైపు తిరిగి, "అక్కయ్యగారూ, పోస్టరు మీద మీ ఫొటో వేద్దామనుకుంటున్నాను. సినిమా వాళ్ళని పెట్టుకునే స్తోమత మనకి లేదు. అయినా ఈ చుట్టుపక్కల మీ మాటకున్న విలువ వాళ్ళ మాటకి లేదు" అన్నాడు.

ఆవిడ ముఖం ఎర్రబడింది. ఆ వయసులో ఆ మాట ఎవరికి చేదు?

ఫొటో తీసేవాడు వచ్చాడు. షాపులో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయే వాషింగ్ మిషన్ మీద చెయ్యి వేసి నిలబెట్టాడు. ఆ మిషన్‌ను ఆవిడ పదేళ్ళుగా అమ్ముతోంది. స్టీలు డ్రమ్ము, గట్టి మోటారు. మామయ్య దగ్గరికి రిపేరుకు వచ్చినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వారంలో పోస్టర్లు బస్సుల వెనకా, స్తంభాల మీదా, షాపు అద్దాల మీదా వెలిశాయి. ఆవిడ నవ్వుతోంది, కింద పెద్ద అక్షరాలు: "మా గ్యారంటీ అక్కయ్య మాట. ఆగండి. ఆ శుక్రవారమే కొనండి."

ఆవిడ భర్త ఒక పోస్టరు మడిచి జేబులో పెట్టుకుని, కనబడినవాళ్ళందరికీ విప్పి చూపించాడు. నా దగ్గరికి కూడా తెచ్చాడు. "చూశావా అమ్మాయ్, మా ఆవిడ. కాళ్ళు పడలేదు ఫొటోలో, అదృష్టం" అని అరిచాడు. ఆవిడ వెనకాలే నిలబడి, "ఊరుకోండి, సిగ్గులేకుండా" అంటూనే ఆ పోస్టరు వైపు దొంగచూపు చూసింది.

ఆ శుక్రవారం ఇంకా మూడు వారాలుందనగా కండక్టరమ్మ షాపుకు వచ్చింది.

ఆమె సిటీ బస్సు కండక్టరు. డ్యూటీ దిగి, యూనిఫాంలోనే, టికెట్ల సంచీ భుజాన వేసుకుని వచ్చింది. భర్త పోయి అయిదేళ్ళు. ఆయన పోయినా ఆయన తల్లి కోడలి దగ్గరే ఉండిపోయింది. రెండేళ్ళుగా ఆ ముసలావిడ మంచం దిగలేదు.

"రోజుకి రెండు దుప్పట్లు అక్కయ్యా, ఒక్కోరోజు మూడు" అంది కండక్టరమ్మ. "డ్యూటీకి పోయేముందు ఉతుకుతాను, వచ్చాక ఉతుకుతాను. ఇదిగో చూడండి."

చేతులు చాపింది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా ఉబ్బి, పగిలి, కొన్నిచోట్ల ఎర్రగా పచ్చిపుండు పడింది.

"చిల్లర ఇస్తుంటే కొందరు చెయ్యి వెనక్కి తీసుకుంటున్నారు. నాకేదో అంటురోగం ఉందనుకుంటున్నారు. ఈ మిషన్ ఇప్పుడే పంపించెయ్యండి. అక్కడా ఇక్కడా డబ్బు సర్దుకుని తెచ్చాను."

ఆవిడ ఆ చేతులు పట్టుకుని చూసింది. నిజానికి అప్పుడే బిల్లు రాయించి ఉంటే ఈ కథే లేదు. కానీ అల్లుడుగారు ఆ మిషన్ మీద మూడోవంతు తగ్గుతుందని స్వయంగా చెప్పి ఉన్నాడు. కండక్టరు జీతం మీద బతికే మనిషికి మూడోవంతు ధర తగ్గడమంటే మాటలు కాదు.

"మూడు వారాలు ఓపిక పట్టమ్మా" అంది ఆవిడ. "ఇదే మిషను, ఇదే స్టీలు డ్రమ్ము. మూడోవంతు తగ్గిస్తున్నారు."

"మూడు వారాలా?" కండక్టరమ్మ తన చేతుల వైపు చూసుకుంది. ఆ తరవాత అద్దం మీది పోస్టరు వైపు చూసింది. "మీరు చెబుతున్నారు కాబట్టి ఆగుతాను. రెండేళ్ళు ఉతికాను, ఇంకో ఇరవై రోజులు ఉతకలేనా?"

ఆమె ఫోను నంబరు ఆవిడ తన చిన్న పుస్తకంలో రాసుకుంది. ఏదో పసరు మందు పేరు కూడా చెప్పి పంపింది.

మరుసటి వారం ఆఫీసు గది నుంచి కొత్త ధరల చీటీలు వచ్చాయి. అవి అతికించడానికి ఆవిడకే ఇచ్చారు. వాషింగ్ మిషన్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. పాత ధర కన్నా దాదాపు సగం ఎక్కువ ఉంది. దీనిమీద మూడోవంతు తగ్గిస్తే మళ్ళీ ఎక్కడికి వస్తుందో లెక్క వేసుకోవడానికి కాయితం అక్కర్లేదు. పైకి వెళ్ళి అడిగింది.

"కంపెనీ పెంచిందండీ. మన చేతిలో ఏముంది?" అన్నాడు అల్లుడుగారు, ఫోన్లోంచి తలెత్తకుండా.

ఆవిడ నమ్మింది. "నమ్మానని చెప్పుకోవడం కూడా అబద్ధమే. నమ్మితే బావుణ్ణనుకున్నాను" అని తరవాత నాతో అంది.

సోమవారం లారీ వచ్చింది. ఆ శుక్రవారం కోసం ప్రత్యేకంగా తెప్పించిన సరుకు. అట్టపెట్టెలు కప్పుదాకా పేర్చారు. అలవాటు కొద్దీ ఆవిడ ఒక వాషింగ్ మిషన్ పెట్టెను వెనక గదికి తెప్పించింది. మామయ్య మూత విప్పి, లోపలికి టార్చి వేసి, డ్రమ్ము చూపించాడు.

"వేలితో కొట్టి చూడమ్మా" అన్నాడు.

కొట్టింది. స్టీలు మోత రాలేదు. బకెట్టు మీద కొట్టినట్టు చప్పగా మోగింది.

"ప్లాస్టిక్కు. మోటారు కూడా చిన్నది. ఈ పైపు చూడు, చిటికెన వేలంత లేదు. నంబరు చూశావా? అంతా అదే. చివర చిన్న అక్షరం ఒకటి కలిపారు. ఇది ఆ మిషన్ కాదమ్మా. దాని చొక్కా వేసుకొచ్చిన వేరే మనిషి."

ఆవిడ అల్లుడుగారి గదికి వెళ్ళింది. ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను చెయ్యి వేసి నిలబడిన మిషను ఇది కాదండీ."

"కంపెనీయే ఇలా చేస్తుందండీ" అన్నాడాయన. గొంతు పెంచలేదు. "ఈ సేల్ కోసమే తక్కువలో తయారుచేసి పంపుతారు. మనం తేకపోతే పక్క వీధి వాడు తెస్తాడు. జనం అక్కడికి పోయి ఇదే కొంటారు. అప్పుడు మనవాళ్ళు ముప్పైమంది ఏం చేయాలి? మీరే చెప్పండి."

"తేడా ఉందని చీటీ మీద రాద్దాం."

"నంబరు వేరే అని పెట్టె మీద ఉంది కదా."

"ఎవరు చూస్తారండీ అది?"

"చూడకపోతే అది మన తప్పా అక్కయ్యగారూ?"

ఆ గదిలోంచి బయటికి వస్తుంటే ఒళ్ళు మండిపోయిందట. కానీ ఆ మంట కింద భయం కూడా ఉందని ఆవిడే ఒప్పుకుంది. యాభైమూడేళ్ళ మనిషిని, ఆ కాళ్ళతో, ఎవరు పనిలో పెట్టుకుంటారు?

ఆ సాయంత్రం ఆడపడుచు ఇంటికి వచ్చింది. ఆమె ఆసుపత్రి వార్డులో ఆయా. ఉన్నదున్నట్టు ముఖంమీద అనేసే మనిషి. వదిన చెప్పిందంతా విని, "అయినా నేను శుక్రవారం వస్తాను వదినా. నాకు టేబుల్ ఫ్యాను కావాలి" అంది.

"ఇంత చెప్పినా వస్తావా? ఎక్కడిదో పండగ తెచ్చి మన నెత్తిన రుద్దుతున్నారు. ధర పెంచి తగ్గించడం కూడా ఒక తగ్గింపేనా?"

"నేనొకటి అడుగుతాను, ఏమనుకోకు. ఇన్నేళ్ళూ మీ షాపులో ధర ఎలా ఉండేది? మనిషిని బట్టి ఉండేది. డాక్టరుగారి భార్య బేరమాడితే దిగేది. నాతో పనిచేసే ఆయా ఒకతి ఇస్త్రీపెట్టె కొనడానికొస్తే, దాని చెప్పులు చూసి పూర్తి ధర చెప్పారు. అది నోరెత్తలేదు, ఇచ్చేసి వచ్చింది. చెప్పింది నువ్వో ఇంకొకరో నాకు తెలీదు. ఈ శుక్రవారం మోసమే కావచ్చు. కానీ అందరికీ ఒకే మోసం. లైన్లో ముందు నిలబడితే నేను డాక్టరుగారి భార్య కన్నా ముందు."

"ఏంటీ, ఏమంటోందీ?" అని అరిచాడు భర్త.

మనిషిని బట్టి ధర చెప్పిన రోజులు ఆవిడకూ ఉన్నాయి. ఆ ఇస్త్రీపెట్టె అమ్మింది తనే కావచ్చునని కూడా అనిపించింది.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ వెనక గదిలోకి వెళ్ళి కండక్టరమ్మకు ఫోన్ చేసింది. అవతల బస్సు హోరు, జనం గోల. "ఎవరూ? గట్టిగా చెప్పండి" అంది కండక్టరమ్మ. అప్పుడు ఏమని చెప్పాలి? ఆ రోజు నువ్వు కొనుంటే స్టీలు డ్రమ్ము మిషన్ అదే ధరకు వచ్చేదని, ఇరవై రోజులు నిన్ను ఊరికే ఉతికించానని చెప్పాలి. "తరవాత చేస్తానమ్మా" అని పెట్టేసింది. తరవాత చేయలేదు. శుక్రవారం ఎదురుగా వస్తుంది కదా, అప్పుడు చెవిలో చెబుదాంలే అని సరిపెట్టుకుంది.

శుక్రవారం పొద్దున షాపు ముందు లైను వీధి మలుపు దాటి బస్టాపు దాకా సాగింది. నేను కూడా ఇస్త్రీపెట్టె కోసం వెళ్ళాను, లేదనను. తలుపులు తీయగానే అందరం ఒకరి మీద ఒకరు పడ్డాం. ఎప్పుడూ మర్యాదగా మాట్లాడే మా వీధి లెక్కల మాస్టారు ఒక ముసలాయన చేతిలోంచి మిక్సీ పెట్టె లాక్కోవడం చూశాను. ఆయన నన్ను చూసి తల తిప్పుకున్నాడు, నేనూ తిప్పుకున్నాను.

కండక్టరమ్మ జీతం లేని సెలవు పెట్టి వచ్చింది. ఆ రోజు యూనిఫాం లేదు. తలుపు తీయడానికి రెండు గంటల ముందే లైన్లో నిలబడిందట. మిషన్‌కు ఇచ్చిన చీటీ పట్టుకుని, చెమటతో, నవ్వుతూ ఆవిడ ఎదుటికి వచ్చింది.

"మీ మాట విని ఆగాను అక్కయ్యా. దొరికింది."

ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. "పై అంతస్తులో ఇంకో రకం ఉందమ్మా. కాస్త పాతది, ధర తగ్గదు. అది ఇంకా గట్టిది. ఒకసారి చూడరాదూ" అంది.

"వద్దక్కయ్యా. పోస్టరు మీద మీరు చెయ్యి వేసి నిలబడింది దీని మీదేగా?"

వెనక నుంచి ఎవరో తోశారు. ఇంకెవరో, త్వరగా కానివ్వండమ్మా, మేమూ కొనాలి, అన్నారు. రెండడుగుల అవతల అల్లుడుగారు నిలబడి, వచ్చినవాళ్ళకు నమస్కారం పెడుతూ, ఆవిడ వైపే చూస్తున్నాడు. ఆవిడ కండక్టరమ్మ చేతిలోని చీటీ తీసుకుని సంతకం పెట్టింది.

ఆ రోజు ఆ మిషన్లు నూట నలభై అమ్ముడుపోయాయి. మూడింట రెండు వంతులు ఆవిడ చేతి మీదుగానే పోయాయి. సాయంత్రం అల్లుడుగారు అందరికీ టీ ఇప్పించి, ఆవిడ కోసం చప్పట్లు కొట్టించాడు.

ఆడపడుచు కొన్న ఫ్యాను బాగానే పనిచేసింది. ఇవాళ్టికీ తిరుగుతోంది. నేను కొన్న ఇస్త్రీపెట్టె తీగ ఆర్నెల్లకు కాలింది. అదృష్టం ఎవరిది ఎలా ఉంటే అలా.

కండక్టరమ్మ నాలుగో నెలలో వచ్చింది. మళ్ళీ యూనిఫాంలో, టికెట్ల సంచీతో. షాపులో జనం లేని వేళ చూసుకుని వచ్చి ఆవిడ ముందు నిలబడింది.

"డ్రమ్ము పగిలింది అక్కయ్యా. తడి దుప్పటి బరువుకి కింద చీలిపోయింది. కంపెనీ వాణ్ణి పిలిస్తే, సేల్ సరుక్కి డ్రమ్ము గ్యారంటీలో లేదన్నాడు. ప్లాస్టిక్కుదట. స్టీలుదని కదా మీరు చెప్పారు?"

"ఆ రోజు నువ్వు చూసింది స్టీలుదే."

"నేను కొన్నది?"

కాదన్నట్టు ఆవిడ తల అడ్డంగా తిప్పింది.

"మీకు ముందే తెలుసా?" కండక్టరమ్మ గొంతు పెంచలేదు. బస్సులో రోజంతా అరిచే మనిషి, ఇక్కడ గుసగుసగా అడిగింది.

"తెలుసు. నాలుగు రోజుల ముందు తెలిసింది."

"శుక్రవారం నేను మీ ఎదురుగానే నిలబడ్డాను కదా?"

"నిలబడ్డావు."

కండక్టరమ్మ తల ఊపింది, అడగాల్సింది అయిపోయినట్టు. "అల్లుడుగారో, కంపెనీ వాళ్ళో అయితే ఏమీ అనుకునేదాన్ని కాదు" అని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని ఆవిడ నాతో చాలాసార్లు అంది.

ఆ రోజే అల్లుడుగారి గదికి వెళ్ళి, మిషన్ మార్చి ఇవ్వమని అడిగింది. ఒకరికి మారిస్తే నూట నలభైమందికీ మార్చాలి, కుదరదన్నాడాయన. ఎంతో బాధపడుతున్నట్టు ముఖం పెట్టి, సొరుగులోంచి ఒక రంగు కాయితం తీసి ఇచ్చాడు. వచ్చే ఏడాది బ్లాక్ ఫ్రైడేకి పది శాతం అదనపు తగ్గింపు కూపను.

"ఇది ఆమెకివ్వండి, సంతోషిస్తారు" అన్నాడు.

ఆవిడ ఆ కూపను బల్లమీదే పెట్టేసింది. "అయితే గోడల మీద నా ఫొటో తీయించండి."

"అది షాపు డబ్బుతో తీయించిన ఫొటో కదండీ. వచ్చే ఏడాదికి కూడా వాడుకోవాలి."

"అయితే నేను ఉండను."

"ఆలోచించుకోండి అక్కయ్యగారూ. మీ వయసులో..." అని ఆగాడు. మంచివాడు కాబట్టి మిగతాది అనలేదు.

ఇరవై ఎనిమిదేళ్ళ షాపులోంచి ఆవిడ తన టిఫిన్ డబ్బా, గొడుగు, ఒక జత పాత చెప్పులు తీసుకుని బయటికి వచ్చింది. మిగతావాళ్ళు అయ్యో అన్నారు గానీ ఎవరూ గుమ్మం దాకా రాలేదు. ఎవరి భయం వాళ్ళది. మెకానిక్ మామయ్య ఒక్కడే వచ్చి, "ఆదివారం నా దగ్గరికి రా. ఆ డ్రమ్ము సంగతి చూద్దాం" అన్నాడు.

మామయ్య పాత మిషన్ ఒకటి విప్పి స్టీలు డ్రమ్ము సంపాదించాడు. ఆదివారం ఇద్దరూ దాన్ని చెరోవైపు పట్టుకుని కండక్టరమ్మ ఉండే మేడ మూడో అంతస్తు ఎక్కారు. ఆ కాళ్ళతో ఆవిడ ఎలా ఎక్కిందో ఆవిడకే తెలియాలి. కండక్టరమ్మ తలుపు తీసి, డ్రమ్మును చూసింది, మామయ్యను చూసింది.

"మీరు రండి" అంది మామయ్యతో. ఆవిడ వైపు తిరగలేదు.

తలుపు మూయలేదు. అలాగని లోపలికి రమ్మనీ అనలేదు. ఆవిడ మెట్లమీద కూర్చుంది. లోపలినుంచి ముసలావిడ మూలుగు, మామయ్య సుత్తి దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి. గుమ్మంలోంచి వసారా కనబడుతోంది. తీగ మీద మూడు దుప్పట్లు, నీళ్ళు కారుతూ, చేత్తో సరిగ్గా పిండలేక బరువుగా వేలాడుతున్నాయి. రెండు గంటల తరవాత మామయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"కుదరలేదమ్మా. ఆ మోటారుకి ఈ బరువు తిప్పే శక్తి లేదు. రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది."

డ్రమ్మును మళ్ళీ ఇద్దరే కిందికి దింపారు.

ఆ తరవాత ఆర్నెల్లు ఆవిడ ఇంట్లోనే ఉంది. భర్త పోస్టరు విషయం మళ్ళీ ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, తను మెల్లగా అంటున్నాననుకుని, "మా ఆవిడను ఎంత ఉసూరుమనిపించారో" అని వీధంతా వినబడేలా అన్నాడు. చివరికి నేనే బొత్తాలూ దారాలూ లైనింగు గుడ్డలూ అమ్మే కొట్టులో ఆవిడకు పని చూపించాను. అక్కడ కుర్చీ ఉంది. జీతం సగం. పనిలోకి వెళ్ళాలంటే రోజూ డిపో మీదుగా పోయే బస్సు ఎక్కాలి. వారంలో నాలుగు రోజులు ఆ బస్సు కండక్టరమ్మదే.

కండక్టరమ్మ ఆవిడను చూసి ముఖం తిప్పుకోదు, పలకరించదు. ఎక్కిన అందరికీ ఇచ్చినట్టే టికెట్టు చింపి ఇస్తుంది. చిల్లర ఆవిడ అరచేతిలో వేస్తుంది. ఆ వేళ్ళ సందులు ఇంకా అలాగే ఉన్నాయి. నేను రెండుసార్లు ఆ బస్సులో ఆవిడ పక్కనే ఉన్నాను. ఇద్దరి మధ్యా ఏదో జరిగిందని ఎవరికీ అనుమానం రాదు.

మళ్ళీ ఆ శుక్రవారం వచ్చింది. పాత ఫొటోనే కొత్త తేదీతో వేశారు. ఆ వారమంతా బస్సులో జనం ఆవిడను గుర్తుపట్టి, ఈసారి ఏం కొనమంటారక్కయ్యా అని అడిగారు. నేను అక్కడ మానేశాను, ఏమీ కొనకండి, అంది ఆవిడ. కొందరు నవ్వి, మాకు చెబితే మీ సరుకు అయిపోతుందనా, అన్నారు. ఒకామె అయితే నిజంగానే నొచ్చుకుంది. చెప్పడం ఇష్టం లేకపోతే లేదనాలి గానీ, ఏడాదికొకసారి వచ్చే సంబరాన్ని పాడుచేయడం ఎందుకని గట్టిగానే అంది. కండక్టరమ్మ అంతా విన్నది. టికెట్ టికెట్ అంటూ వెనక్కి వెళ్ళిపోయింది.

తరవాత పది రోజులు బస్సులో వేరే కండక్టరు కనబడ్డాడు. పదకొండో రోజు కండక్టరమ్మ మళ్ళీ వచ్చింది. మనిషి చిక్కిపోయింది. ఆవిడ ఉండబట్టలేక, ఇన్ని నెలల తరవాత మొదటిసారి నోరు విప్పింది.

"అత్తగారు ఎలా ఉన్నారమ్మా?"

"పోయారు" అంది కండక్టరమ్మ. "తడిలోనే పోయారు. మార్చడానికి ఒక్క దుప్పటీ ఆరలేదు ఆ రోజు."

ఆవిడ ఏదో అనబోయింది.

"ఎక్కడికి?" అని అడిగింది కండక్టరమ్మ, టికెట్ల కట్ట మీద బొటనవేలు పెట్టి.

ఆవిడ దిగాల్సిన చోటు చెప్పింది. కండక్టరమ్మ టికెట్టు చింపి ఇచ్చి, వెనక సీట్ల వైపు నడిచింది.